నల్లగొండలో పిల్లల రోబో క్లాసు: ఒక వైండింగ్ మెకానిక్ రివ్యూ

మా పెద్దమ్మాయి ఏడో తరగతి. పోయిన వేసవిలో నల్లగొండలోనే ఒక రోబో కోడింగ్ క్లాసుకు పంపించాం. ఫీజు నాలుగున్నర వేలు, కిట్టుకు ఇంకో రెండు వేల పైచిలుకు. "అన్నా, పైసలకు న్యాయం అయిందా?" అని మా వాడకట్టులో ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. అయింది. అయితే ఒకటి రెండు విషయాల్లో నాకు ఒళ్లు మండింది, అవి కూడా రాస్తాను కాబట్టి సెంటర్ పేరు మాత్రం బయటపెట్టను. ఇలాంటి క్లాసులు ఇప్పుడు చిన్న చిన్న టౌన్లలో కూడా పెడుతున్నారు. బోర్డు మీద పేరు ఏదున్నా లోపల చూసుకోవాల్సినవి ఇవే.

నాది బోరు మోటార్ల వైండింగ్ షాపు. కంప్యూటర్ గురించి నాకు తెలిసింది తక్కువ, మోటారు తిరగకపోతే ఎందుకు తిరగడం లేదో మాత్రం చెప్పగలను. ఇందులో కోడు కంటే మోటార్ల ముచ్చట ఎక్కువైందనిపిస్తే సర్దుకోండి.

మొదట్లో పిల్లల ముందు ల్యాప్‌టాప్ పెట్టనే లేదు. ఒక పిల్లాడి కళ్లకు దస్తీ కట్టి నిలబెట్టారు, వాడే రోబో. మిగతావాళ్లు నోటితో చెప్పి వాణ్ణి బెంచీల మధ్య నుంచి తలుపు దాకా తీసుకుపోవాలి. "ముందుకు పో" అంటే వాడు ఆగకుండా పోతూనే ఉన్నాడట. "తిరుగు" అంటే గిర్రున చుట్టు తిరిగి మళ్లీ అక్కడే నిలబడ్డాడు. ఎన్ని అడుగులు, ఎటు వైపు, ఎంత తిరగాలి అనేది విడమరిచి చెప్పేదాకా తలుపు దొరకలేదు. ఇది విని కొందరు తల్లిదండ్రులు గొణిగారు, కళ్లగంతలాట ఆడించడానికా ఇంత ఫీజు అని. నాకైతే అదే నచ్చింది. కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి "ఆ తీగ తీయి" అని చెబితే ఏ తీగ తీస్తాడో నేను రోజూ చూస్తున్న సంగతే.

తర్వాత స్క్రీన్ మీద కారెల్ అనే బొమ్మ రోబో. స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ పాటిస్ అనే ఆయన తయారుచేసి 1981లో పుస్తకంగా వేశాడట. గళ్ల నేల మీద నడిచే ఈ రోబోకు వచ్చిన పనులు బహు కొద్ది: ఒక గడి ముందుకు పోవడం, ఎడమకు తిరగడం, కింద ఉన్న బిళ్ల తీయడం, బిళ్ల పెట్టడం. కుడికి తిరగడం దానికి రాదు. కావాలనే నేర్పలేదు. మరి కుడి వైపు గదిలోకి ఎలా పోవాలి? పిల్లలకు సవాలు అదే. ఆ సాయంత్రం మా అమ్మాయి షాపుకు వచ్చి, నేను ఆర్మేచర్ పట్టుకుని ఉన్నానని కూడా చూడకుండా, "డాడీ, మూడు సార్లు ఎడమకు తిరిగితే కుడికి తిరిగినట్టే!" అంది. మరునాడు ఆ మూడు ఎడమలను ఒక కట్ట కట్టి దానికి 'కుడికి' అని పేరు పెట్టడం నేర్పారు. ఇక అక్కడి నుంచి ఆ పేరు పిలిస్తే చాలు. కోడింగ్‌లో దాన్ని ఫంక్షన్ అంటారట. ఆ మాట నేర్చుకోవడానికి ముందే దాని అవసరం పిల్లకు తెలిసింది. ఈ క్లాసులో నేను మెచ్చుకునేది ముఖ్యంగా ఈ వరసనే.

రోబోలతో పిల్లలకు కోడింగ్ అంటే ఈ మధ్య పుట్టిన ఫ్యాషన్ అనుకునేవాణ్ణి. కాదట. అమెరికాలో సీమోర్ పాపెర్ట్, వాలీ ఫ్యూర్జైగ్, సింథియా సాలమన్ కలిసి 1967లోనే పిల్లల కోసం లోగో అనే భాష చేశారు. దాంతో నడిచే తాబేలు రోబో ఉండేది, పెన్ను పట్టుకుని నేల మీద పరిచిన కాగితంపై గీతలు గీసేది. యాభై ముందుకు, తొంభై డిగ్రీలు కుడికి, ఇదే నాలుగు సార్లు అంటే చతురస్రం వస్తుంది. ఇప్పటి పైథాన్ అనే కోడింగ్ భాషలో కూడా ఆ తాబేలు ఉంది, పైసా ఖర్చు లేకుండా ఇంట్లో ఆడుకోవచ్చు. మావాళ్లు మాత్రం పైథాన్ దాకా పోలేదు. ఎంఐటీ వాళ్లు 2007లో విడుదల చేసిన స్క్రాచ్ పద్ధతిలో, రంగు రంగుల దిమ్మెలను ఒకదాని కింద ఒకటి తగిలించే కోడింగే నేర్పారు. ఏడో తరగతికి అది సరిపోతుంది. కోడు టైపు చేస్తూ ఎక్కడో ఒక సెమికోలన్ మరిచిపోయానని ఏడ్చే బాధ లేదు.

ఇక కిట్టు. ఏ కంపెనీ డబ్బా కొన్నా లోపల సరుకు దాదాపు ఒకటే: పారదర్శకమైన ప్లాస్టిక్ పలక, బ్యాటరీతో నడిచే పసుపు రంగు చిన్న మోటార్లు (బీఓ మోటార్లు అంటారు) రెండు, ముందు ఒక గిర్ర చక్రం, మనం రాసిన కోడును దాచుకుని నడిపే ఆర్డునో ఊనో బోర్డు, మోటార్లను నడిపే ఎల్298ఎన్ బోర్డు, నేల చూసే ఐఆర్ సెన్సార్లు రెండు, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్ ఒకటి. మాకు వచ్చిన దాంట్లో ఆర్డునో అసలుది కాదు, నకలు. పని చేస్తుంది, కాకపోతే ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే పోర్ట్ కనిపించదు. దాని మీది సీహెచ్340 అనే చిప్‌ను ల్యాప్‌టాప్ గుర్తుపట్టాలంటే డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ వేరేగా వేసుకోవాలి. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే మా ఇంట్లో ఆ రాత్రి అంత లొల్లి ఉండేది కాదు.

మొదటి సవాలు వినడానికి తేలిక: రోబో నేరుగా రెండు మీటర్లు పోవాలి. ఒక్కటి కూడా పోలేదు. అన్నీ ఏదో ఒక పక్కకు లాగాయి. పిల్లలు కోడు తిరగేసి మరగేసి చూశారు. తప్పు కోడులో లేదు. పొలాల్లో తిరిగే మూడు ఫేజుల మోటార్లు కరెంటు 50 హెర్ట్జ్‌ను పట్టుకుని తిరుగుతాయి కాబట్టి ఒకే రకం మోటార్లు రెండు పక్కపక్కన పెడితే వేగంలో పెద్ద తేడా రాదు. ఈ చిన్న డీసీ మోటార్లకు ఆ కట్టుబాటు లేదు. బ్రష్షు కొంచెం బిగుతైనా, ప్లాస్టిక్ పళ్ల చక్రం కొంచెం రాసుకున్నా ఒకటి వెనకబడుతుంది. ఆ సంగతి సార్ చెప్పలేదు. తెలియక కాదు, చెప్పకూడదని. పిల్లలే రెండు చక్రాల మీద తెల్ల స్టిక్కర్ అంటించి, ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టి కనుక్కున్నారు. ఆ తర్వాత వేగం అంకెలు మార్చడం చూపించారు. 0 నుంచి 255 దాకా ఉంటాయి. మా అమ్మాయి రోబోకు ఎడమ 180, కుడి 166 పెడితే గీత గీసినట్టు పోయింది. బ్యాటరీ కొంచెం దిగగానే మళ్లీ లాగింది, అది వేరే సంగతి.

బ్యాటరీల విషయంలో సెంటర్ వాళ్లకు నేనే ఒక మాట చెప్పి వచ్చాను. ఎల్298ఎన్ పాతకాలపు డిజైను, దాని లోపలే సుమారు రెండు వోల్టులు పోతాయి. నాలుగు మామూలు పెన్సిల్ సెల్లులు పెడితే ఆరు వోల్టులు, మోటారుకు చేరేది నాలుగే. రీఛార్జ్ సెల్లులైతే మొత్తమే 4.8, మోటారుకు మూడు కూడా దక్కవు. రోబో కదలక మూలుగుతుంటే పిల్ల తన కోడు తప్పేమో అని టెన్షన్ పడుతుంది. కొందరు ఇందుకే లిథియం 18650 సెల్లులు రెండు పెడతారు. బలం బాగుంటుంది, కానీ వాటి రెండు కొసలు ఒకదానికొకటి తగిలితే నిప్పే. క్లాసులో అవి విడిగా టేబుల్ మీద పడి ఉండటం, పక్కనే స్క్రూడ్రైవర్లు ఉండటం నాకు నచ్చలేదు. చెప్పాక డబ్బాలో పెట్టించారు. మీ పిల్లల క్లాసుకు పోతే మొట్టమొదట అది చూడండి.

గీత వెంట నడిచే రోబో సవాలు దగ్గర మా నల్లగొండ నేలలు, ఎండలు కలిసి పరీక్ష పెట్టాయి. ఐఆర్ సెన్సార్ కంటికి కనిపించని వెలుతురు కిందికి కొడుతుంది. తెల్ల నేల దాన్ని తిప్పి పంపుతుంది, నల్ల గీత మింగేస్తుంది. ఆ తేడాతోనే గీత ఎక్కడుందో తెలుస్తుంది. మా ఇంట్లో నల్ల కడప బండలు. ఇంటికి తెచ్చి నల్ల టేపు అంటించి వదిలితే రోబోకు ఇల్లంతా గీతే. వసారాలో పెడితే ఎండ. ఎండలోనూ ఐఆర్ ఉంటుంది కాబట్టి సెన్సార్‌కు ఇక నలుపు లేదు, తెలుపు లేదు. చివరికి పాత ఎన్నికల ఫ్లెక్సీ ఒకటి తిరగేసి పరిచాం. వెనక తెల్లగా, నున్నగా, గదంత వెడల్పు. ఊళ్లో వాటికి కొదవ లేదు కదా. సెన్సార్ మీద నీలం రంగు చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి ఎంత నలుపును నలుపనాలో సరిచేసుకోవాలి. మా అమ్మాయికి ఆ స్క్రూ తిప్పడం కోడింగ్ కంటే బాగా వచ్చింది. వంశం చూసుకోవాలి మరి.

దూరం కొలిచే సెన్సార్ కూడా ఒక ముచ్చటే. అది మన చెవికి వినిపించని 40 కిలోహెర్ట్జ్ శబ్దం పంపి, గోడకు తగిలి తిరిగి వచ్చేదాకా పట్టిన కాలాన్ని కొలుస్తుంది. దాంతో గోడలన్నీ తప్పించుకుని పోయే రోబో, మా అమ్మ మడిచి పెట్టిన బొంతకు మాత్రం నేరుగా పోయి గుద్దుకుంది. మెత్తటి బట్ట శబ్దాన్ని తాగేస్తుంది, తిప్పి పంపదు. క్లాసులో ఒక పిల్లాడు టేపు పెట్టి కొలిచి, మీటరు దూరాన్ని సెన్సార్ తక్కువ చూపిస్తోందని పట్టుకున్నాడు. సెన్సార్ చెడిపోలేదు. కోడులో శబ్దవేగం 20 డిగ్రీల చలువకు సరిపడా, సెకనుకు 343 మీటర్ల లెక్కన రాసి ఉంది. గదిలో 40 డిగ్రీలుంటే అది 355కు పోతుంది, మీటరు కాస్తా 97 సెంటీమీటర్లవుతుంది. మే నెలలో కూలర్ సరిగ్గా పని చేయని పై అంతస్తు గదిలో కూర్చుని నేర్చుకోవాల్సిన పాఠమే ఇది. ఆ పిల్లాడికి సార్ ఒక బత్తాయి బహుమతిగా ఇచ్చారట. ట్రోఫీల కంటే నయం.

అన్నిట్లోకి గొప్పది నీళ్లు పెట్టే సవాలు. కిట్టుతో వచ్చిన పుస్తకంలో అది లేదు, మేడమ్ సొంతంగా పెట్టింది. నేల మీద ఆరు మడులు గీసి, పక్క నుంచి కాలువగా ఒక నల్ల గీత వేశారు. రోబో కాలువ వెంట పోతూ ప్రతి మడి దగ్గర ఆగాలి, ఐదు సెకన్లు నీళ్లు పెట్టినట్టు లైటు వెలిగించాలి, తర్వాతి మడికి పోవాలి. ముందర అట్ట పెట్టి ఉంటే ఆ మడి నిండినట్టు, అక్కడ ఆగకూడదు. మా అమ్మాయి గుంపు ముందుగా కింది మడి నుంచి మొదలుపెట్టింది, రోబో అక్కడికి దగ్గరగా ఉందని. వెంటనే తిప్పర్తి వైపు నుంచి వచ్చే ఒక పిల్లాడు అడ్డం తిరిగాడు. "గట్లెట్ల పెడ్తరు? పై మడి నిండినంకనే కింద మడికి ఇడ్వాలె" అన్నాడు. ఇంకొకడు, "మా బావి కాడ పైపులేసినం, ఏ మడికైనా ఇడ్వచ్చు" అన్నాడు. ఇక పంచాయితీ మొదలు. గంటసేపు ఎవరూ కీబోర్డు ముట్టలేదు. మేడమ్ ఆపలేదు. చివరికి రెండు కోడులు రాశారు, ఒకటి కాలువ పొలానికి, ఒకటి పైపుల పొలానికి. పరికరాన్ని నడిపే ముందు పని ఎలా జరుగుతుందో తేల్చుకోవాలనేది అంతకంటే బాగా ఎవరు నేర్పుతారు?

'ఒకవేళ ఇలా ఉంటే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి' అనే దిమ్మె అర్థం కావడానికి కొందరు పిల్లలు తిప్పలు పడ్డారు. మా అమ్మాయి పడలేదు, దానికి కారణం మా షాపు గోడకు వేలాడే ఆటో స్టార్టర్. మూడు ఫేజులూ ఉన్నాయా? ఉంటే కొంచెం ఆగి మోటారు వెయ్యి. ఒక్క ఫేజు పోయినా ఆపెయ్యి. కోడులోని దిమ్మె కూడా అచ్చం అదే. 2018లో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ఊరూరా చెప్పారు. అలా మూలకు చేరిన డబ్బాను నేను విప్పి చూపించాను. పిల్ల దాన్ని తన రోబోతో పోల్చుకుని, "దీన్ల కోడు ఎక్కడుంది డాడీ?" అని అడిగింది. రిలేలు, టైమర్ చూపించి ఇదే కోడు అన్నాను. మీ ఇళ్లలో కూడా ఇలాంటివి ఏవో ఉంటాయి. ఫ్రిజ్జు, ఇస్త్రీ పెట్టె, ట్యాంకు నిండితే ఆగిపోయే మోటారు. క్లాసు వాళ్లు ఇవి చూపించరు, మనమే చూపించాలి.

ఇక ఒళ్లు మండిన విషయాలు. ముగ్గురు పిల్లలకు ఒక ల్యాప్‌టాప్. చేరేటప్పుడు ఈ మాట చెప్పలేదు. ముగ్గురిలో మౌసు ఎవరి చేతిలో పడితే ఇక వాళ్లదే రాజ్యం. మా అమ్మాయి గుంపులో మిగతా ఇద్దరూ అబ్బాయిలు. కొన్నాళ్లు దీని పని నోట్‌బుక్‌లో రాయడమే అయింది. "అక్షరాలు మంచిగుంటయని నన్నే రాయమంటరు" అంది. చక్కటి అక్షరాలకు ఇదా శిక్ష? పోయి అడిగితే సార్ "పిల్లలే చూసుకుంటారు లెండి" అన్నారు. పిల్లలు చూసుకోరు. మేడమ్ విని మరునాడే పద్ధతి మార్చింది. ఒకరు మౌసు, ఒకరు ఏం చెయ్యాలో చెప్పేవారు, ఒకరు రోబో దగ్గర, గంట కొడితే పనులు మారాలి. ఆ తర్వాత నుంచి ఇంటికి వచ్చి చెప్పే కబుర్లే మారిపోయాయి. చేరేముందే ఎంతమందికి ఒక ల్యాప్‌టాప్ అని అడగండి, ఇద్దరికి మించితే బేరం ఆడండి.

రెండోది చివరి రోజు తల్లిదండ్రులకు పెట్టిన ప్రదర్శన. రోబోలన్నీ గీత వెంట తిరుగుతూ, అడ్డం పెట్టిన అట్టలను తప్పించుకుంటూ, ఒక్కటి కూడా పట్టు తప్పకుండా నడిచాయి. అందరూ వీడియోలు తీశారు, చప్పట్లు కొట్టారు. నాకు అనుమానం వచ్చింది. రెండు మీటర్లు నేరుగా పోవడానికి అన్ని తిప్పలు పడ్డ బండ్లు ఒక్కసారిగా ఇంత బుద్ధిమంతులు ఎలా అయ్యాయి? బండి మీద వస్తుంటే మా అమ్మాయి చెప్పింది, ముందు రోజు సాయంత్రం సెంటర్ వాళ్లే అన్నిట్లో ఒకే రెడీమేడ్ ప్రోగ్రామ్ ఎక్కించారని. తన కోడు చెరిగిపోయిందని దాని బాధ. నీళ్లు పెట్టే కోడు అది, మడి దాటి పోయినా సరే, నాలుగో మడి దగ్గర తికమకపడినా సరే, నేను చూడాలనుకున్నది దాన్ని. నేర్చుకున్నన్ని రోజులూ తప్పులు చెయ్యనిచ్చి, చూపించే రోజు తప్పులు దాచిపెడితే పిల్లలకు ఏం అర్థమవుతుంది? ఇది సెంటర్ వాళ్ల తప్పే, కానీ ఫుల్ మార్కులు, ఫస్టు ర్యాంకు తప్ప ఇంకేం చూడని మనలాంటి తల్లిదండ్రుల కోసమే వాళ్లు అలా చేశారని కూడా ఒప్పుకోవాలి. ఫోన్ చేసి చెప్పాను. వచ్చే బ్యాచ్‌కు పిల్లల కోడే నడిపిస్తామన్నారు.

కిట్టు పుస్తకం మొత్తం ఇంగ్లీషు. తెలుగు మీడియం పిల్లలు ఇద్దరుంటే మేడమ్ పక్కన కూర్చుని చెప్పాల్సి వచ్చేది.

కిట్టు కొనకముందే పిల్లకు ఇష్టం ఉందో లేదో చూడాలంటే టింకర్‌క్యాడ్ ఉంది. బ్రౌజర్లో నడుస్తుంది, ఉచితం, ఆర్డునో బోర్డు, తీగలు, లైట్లు అన్నీ స్క్రీన్ మీదే. అక్కడ తీగ తప్పు కలిపినా ఏదీ కాలదు. అలాగే మీ పిల్లల బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. నీతి ఆయోగ్ కింద 2016 నుంచి నడుస్తున్న పథకం, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం, ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తారు. ఈ రోబో సామానంతా అక్కడ ఉంటుంది. ఉంటే దాని తాళం ఎప్పుడెప్పుడు తీస్తున్నారో పేరెంట్స్ మీటింగులో అడగండి. మొహమాటపడకండి.

ఏ వయసుకు పంపాలంటే, నా లెక్కలో ఆరో తరగతి నుంచి. మా చిన్నోడు మూడో తరగతి, అక్కను చూసి తనూ పోతానని ఏడ్చాడు. వాడి ఈడు పిల్లలు ఆ బ్యాచ్‌లో ఒకరిద్దరు ఉన్నారు, కోణాలు తెలియవు, స్క్రూలు బిగించే బలం వేళ్లకు లేదు, సగం రోజు చక్రాలు ఊడదీసి దొర్లించుకుంటూ కూర్చున్నారు. వాళ్ల దగ్గరా పూర్తి ఫీజే తీసుకున్నారు. చిన్నోడికి ప్రస్తుతం దస్తీ కట్టే ఆట చాలు, అది ఇంట్లోనే ఆడుకుంటున్నాం, ఫీజు లేదు.

కొనేవాళ్లకు చివరగా ఒక్కటి: బీఓ మోటార్లు కిట్టుతో పాటు ఒక జత అదనంగా తెప్పించుకోండి. ఒకటి పోతే రెండూ మార్చండి, పాతదానికి కొత్తది జత కడితే మళ్లీ పక్కకు లాగుతుంది. మోటారుకు తీగలు అతికే చోట పలచటి రేకు ఉంటుంది, రెండుసార్లు వంచితే విరుగుతుంది. మొదటి రోజే సోల్డర్ చేయించి, దాని మీద వేడి జిగురు చుక్క వేయించండి. మా షాపుకు తెస్తే వేసి పెడతాను, పిల్లల పనికి డబ్బులు తీసుకోను.